చిన్న గదిలో పెద్ద గొంతు

స్పీకర్లు కొనడానికి వచ్చేవాళ్ళు మామూలుగా తమకిష్టమైన పాట ఒకటి ఫోన్లో తెచ్చుకుంటారు. ఆమె ఒక మగవాడి గొంతు తెచ్చుకుంది.

"పాటలొద్దండి, ఇది పెట్టండి," అంటూ ఫోన్ ఇచ్చింది. బయట వాన. ఆమె మెడలో హెడ్‌ఫోన్లు, చేతిలో నీళ్ళోడుతున్న గొడుగు. ఆ గొడుగు ఎక్కడ పెట్టాలో తెలియక దాన్ని చంటిపిల్లలా ఎత్తుకుని నిలబడింది.

అల్లుడు గొడుగు అందుకున్నాడు, ఫోన్ అందుకున్నాడు, షాపు వెనకున్న వినే గదిలోకి దారి చూపించాడు.

అతన్ని మొదట్లో అల్లుడని పిలిచింది మామయ్య ఒక్కడే. షాపు మామయ్యది. అతను మామయ్యకి అక్క కొడుకు. ఆ పిలుపు విని విని వ్యాను డ్రైవరూ, పక్క షాపు కళ్ళజోళ్ళాయనా, చివరికి కంపెనీల వాళ్ళు కూడా అల్లుడుగారూ అనడం మొదలుపెట్టారు. పేరు పెట్టి పిలిచేది బ్యాంకు వాళ్ళు మాత్రమే. కాబట్టి మనకూ అతను అల్లుడే.

"నువ్వు వెళ్ళిపోయాక ఈ ఇంట్లో గోడలు కూడా నన్ను పలకరించడం మానేశాయి," అంది గొంతు, గది నిండా.

ఆమె కళ్ళు మూసుకుంది. పెదవుల చివర చిన్న నవ్వు. ఆ నవ్వు తన స్పీకర్ల కోసం కాదని అల్లుడికి అర్థమైంది.

"ఎవరండీ ఈయన?"

"నవలలు చదువుతారు. ఆడియో పుస్తకాలు. నేను ఎడిటర్ని. ఈయన 'ళ' పలికితే వినాలి. ఈ రోజుల్లో నీల్లు, కల్లు అనేవాళ్ళే గానీ, 'ళ' ఎవరికొస్తోంది చెప్పండి?"

"అవునండి," అన్నాడు అల్లుడు, 'ళ' రాని మాట వెతుక్కుని. "గది ఎంతుంటుందండీ?"

"ఏ గది?"

"ఈ స్పీకర్లు పెట్టే గది."

"నేను స్పీకర్లు కావాలంటే గది కొలతలు అడుగుతారేంటి? ఇల్లు కూడా కట్టిస్తారా?"

"కాలు చూడకుండా చెప్పులిస్తారా అండీ ఎవరైనా?"

"అంటే నన్ను ఇప్పుడు కాలితో పోల్చారా?"

"మిమ్మల్ని ఇంకా దేనితోనూ పోల్చలేదండి."

ఆ 'ఇంకా' ఎక్కణ్ణించి ఊడిపడిందో అతనికే తెలియదు. నాలుక్కరుచుకున్నాడు. ఆమె మాత్రం అతన్ని మొదటిసారి సరిగ్గా చూసింది. చూసి, తన గది గురించి చెప్పింది. మేడ మీద వాటా, అమ్మా తనూ ఉంటారు. ఆ గది నాలుగు గోడలూ ఒకే పొడవు. ఒక మంచం, ఒక ఇనప బీరువా, బల్ల, ఒక పక్కంతా అద్దాల కిటికీ.

"చదరపు గదంటే కష్టమేనండి," అన్నాడు అల్లుడు. "లావు శబ్దాలు, అదే బేస్, ఈ గోడకీ ఆ గోడకీ తగిలి, వెనక్కొచ్చి ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. వినేవాళ్ళకి గుమ్ము గుమ్మని వినిపిస్తుంది. మీకు చిన్న స్పీకర్లే మంచిది. స్టాండ్ల మీద, గోడకి దూరంగా."

ఆమె బ్యాగులోంచి పెన్ను తీసి అరచేతి మీద 'గోడకి దూరం' అని రాసుకుంది. హెడ్‌ఫోన్లు మానకపోతే నీ మాట నీకే వినబడదని చెవుల డాక్టరు హెచ్చరించాడట. సరిగ్గా ఇప్పుడే, మొదటిసారి, ఒక పుస్తకం మొత్తం ఆమె చేతికిచ్చారట. ఇన్నాళ్ళూ వేరేవాళ్ళ కింద ముక్కలు అతికించడమే. ఇది బాగా వస్తే దాన్ని రాసిన రచయిత్రి పుస్తకాలన్నీ ఆమెకే.

"అల్లుడూ, ఆవిడకి టీ చెప్పావా?" అని కేకేశాడు మామయ్య ముందు గదిలోంచి.

"బావా, నీ టీలో పంచదార నేనే వేశాను, మళ్ళీ వేసుకోకు," అంటూ బిల్లుల కౌంటర్ వదిలి మామయ్య కూతురు, అల్లుడి మరదలే కప్పులు పట్టుకొచ్చింది.

ఎడిటర్, మామయ్య గొంతు వచ్చిన వైపు చూసింది, మరదల్ని చూసింది, అల్లుణ్ణి చూసింది. ఆమె నవ్వు కాస్త మర్యాదగా మారింది. టీ బాలేదేమో అనుకున్నాడు అల్లుడు.

*

ఆ తర్వాత ఆమె చాలాసార్లు వచ్చింది. స్పీకర్లు ఎంచుకోవడమంటే ఒక్క పూటలో తేలే పని కాదు. ఒక జత విని, ఇంటికెళ్ళి, ఇంకో అధ్యాయం ఎడిట్ చేసుకుని, మళ్ళీ వచ్చి ఇంకో జత వినేది. వచ్చిన ప్రతిసారీ ఆ గొంతు వెంట వచ్చేది.

అల్లుడికి ఆమె రావడం పండగ. గొంతు రావడం చెవిలో జోరీగ.

మరదలు ఆ మనిషికి 'గొంతుగారు' అని పేరు పెట్టింది. పేరు పెట్టాక అల్లుడి కుళ్ళు ఇంకాస్త ఎక్కువైంది. గొంతుగారు ఏ మాట ఎలా విరిచాడో, ఎక్కడ ఆగాడో ఎడిటర్ మెచ్చుకుంటుంటే, అతను పక్కన నిలబడి తీగలు బిగించేవాడు. బిగించక్కర్లేనివి కూడా బిగించేవాడు.

ఒక పొద్దున మరదలు షాపు తెరవడానికి వచ్చేసరికి అతను అద్దం ముందు నిలబడి ఉన్నాడు.

"కళ్ళు. పళ్ళు. ముళ్ళు. నీళ్ళు."

"బావా, పళ్ళు నొప్పా? మా ఆయన దగ్గరికి వెళ్తావా?" అంది మరదలు. ఆమెకి కాబోయే మొగుడు పళ్ళ డాక్టరు. ముహూర్తం ఇంకా పెట్టలేదు గానీ, ఆమె అప్పుడే 'మా ఆయన' అనేస్తోంది.

"గొంతు సరిచేసుకుంటున్నా."

"నీ గొంతుకేమైంది, బంగారంలాంటి గొంతు. కాకపోతే ఆ పిల్ల ముందర అది బయటికి రాదు, అంతే."

చివరికి ఒక చిన్న జత దగ్గర ఆమె మనసు కుదురుకుంది. "ఇవే అనిపిస్తోందండి. రేపు చెప్తాను," అంది. వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగి వెనక్కి చూసింది. అల్లుడి చొక్కా కాలరు మడతపడి ఉంటే మరదలు తిట్టుకుంటూ సరిచేస్తోంది. ఎడిటర్ గొడుగు తీసుకుని, చెప్పకుండానే వెళ్ళిపోయింది.

మర్నాడు ఆమె ఒంటరిగా రాలేదు.

*

గొంతుగారు మనిషి కూడా బాగుంటాడని అల్లుడు ఊహించలేదు. పొట్టిగా, బట్టతలతో ఉంటాడని గట్టిగా ఆశపెట్టుకున్నాడు. వచ్చినవాడు ద్వారబంధానికి తల వంచి లోపలికొచ్చాడు. మెడ చుట్టూ పల్చటి మఫ్లర్, చేతిలో వేణ్ణీళ్ళ ఫ్లాస్కు. ఆమె మీద పట్టిన గొడుగు ముడుస్తూ, "జాగ్రత్త, మెట్టు తడిగా ఉంది, నువ్వు ఇటు రా," అన్నాడు.

ఆ 'నువ్వు' అల్లుడి చెవిలో ముల్లులా దిగింది. అతనింకా 'అండీ' దాటలేదు.

"ఇవే నేను చెప్పినవి," అంటూ ఆమె చిన్న స్పీకర్లు చూపించింది.

"ఇవా? ఈ డబ్బాల్లో నేనెక్కడ పడతాను?" అన్నాడు గొంతుగారు నవ్వుతూ. దూలాల్లా నిలబడ్డ టవర్ స్పీకర్ల దగ్గరికి వెళ్ళి వాటి భుజం తట్టాడు. "గొంతంటే మాటొక్కటే కాదు, గుండె కూడా వినబడాలి. ఇవి పెట్టండి బ్రదర్."

అల్లుడు పెట్టాడు. షాపులోని వినే గది విశాలమైనది, గోడలకి దళసరి తెరలున్నాయి. ఆ గదిలో టవర్లు గొంతుగారిని ఏడడుగుల మనిషిని చేసి నిలబెట్టాయి. మరదలు కూడా కౌంటర్ దగ్గర బిల్లు రాయడం ఆపింది.

"చూశావా?" అన్నాడు గొంతుగారు.

ఎడిటర్ అతని వైపు చూడలేదు. అల్లుడి వైపు తిరిగింది.

"మీరేమంటారు?"

అల్లుడికి ఏమనాలో బాగా తెలుసు. ఆ చదరపు గదిలో, ఆ ఇనప బీరువా పక్కన ఈ టవర్లు పెడితే ఏమవుతుందో కళ్ళకి కట్టినట్టు తెలుసు. కానీ సరిగ్గా అప్పుడే గొంతుగారు ఆమె భుజం మీది వాన చినుకుని వేలితో తుడిచాడు. కొననీ, అనుకున్నాడు. గిన్నెలు, కిటికీలు దడదడలాడనీ. ఎవరి మాట విన్నందుకో అప్పుడు తెలుస్తుంది. ఆయన్ని తిట్టుకుంటూ నా దగ్గరికే వస్తుంది.

"మీ ఇష్టమండి," అన్నాడు. "ఆయనకి నచ్చాయిగా."

ఆమె ఒక్క క్షణం అలాగే చూసింది. ఇంకేదో అంటాడని ఎదురుచూసినట్టు చూసింది. తర్వాత, "అయితే ఇవే ఇవ్వండి," అంది, గోడకి చెప్పినట్టు.

స్పీకర్లు బిగించడానికి ఎప్పుడూ తనే వెళ్ళే అల్లుడు, ఈసారి వ్యాను డ్రైవరుని పంపాడు. మామయ్య కళ్ళద్దాల మీంచి చూసి, "ఒంట్లో బాలేదా?" అని అడిగాడు.

*

ఆమె తిట్టుకుంటూ రాలేదు. అసలు రానేలేదు. ఫోన్ మోగితే చాలు, అల్లుడు మరదలి కంటే ముందు ఎత్తేవాడు. ఎవరో రిమోట్ పనిచెయ్యట్లేదని చెబితే, "బ్యాటరీ మార్చండి," అని విసుక్కునేవాడు. రాత్రి పడుకుంటే, ఆ చిన్న గదిలో టవర్లంత ఎత్తున గొంతుగారు కూర్చుని ఉన్నట్టు కనిపించేది.

చివరికి ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం ఆమె వచ్చింది. గొడుగు లేదు. జుట్టు తడిసి మొహానికి అంటుకుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఆ స్పీకర్లు వెనక్కి తీసుకోండి. నాకింక వాటితో పని లేదు," అంది.

అల్లుడి లోపల ఏదో గెంతింది. "బాలేవా అండీ?"

"అవి బాగానే ఉన్నాయి. నా చెవులే పోయాయి."

గెంతినది అక్కడే కూలబడింది.

ఆమె కుర్చీలో కూర్చుని చెప్పుకొచ్చింది. గొంతుగారి గొంతు ఆమెకి ఎంతసేపూ లావుగా, మూసుకుపోయినట్టుగా వినిపించింది. లావు తగ్గించింది. ఇంకా తగ్గించింది. తనకి సరిగ్గా అనిపించేదాకా తగ్గించి పంపింది. ఆఫీసు వాళ్ళు తిప్పి పంపారు. గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టుందన్నారు, ఆ మనిషికి గుండె తీసేసినట్టుందన్నారు. మళ్ళీ చేసింది. మళ్ళీ అదే మాట.

"డాక్టరు ముందే చెప్పాడు. చెవులు పాడవుతాయని. పరీక్ష చేయించుకోవడానికి కూడా ధైర్యం చాలట్లేదండి. పుస్తకం వదిలేస్తానని రేపు చెప్పేస్తాను. వేరే పనేదైనా చూసుకుంటాను."

"వద్దు," అన్నాడు అల్లుడు. అతని గొంతు అతనికే కొత్తగా వినిపించింది. "మీ చెవులకి ఏమీ కాలేదు. మీ గదే ఆ గొంతుకి లేని లావు కలిపింది. మీరు దాన్ని కోశారు. గది కలిపింది అక్కడే ఉండిపోయింది, మీ కోత పుస్తకంతో వెళ్ళింది. ఆ గదిలో ఎవరు కూర్చున్నా అలాగే చేస్తారు."

ఆమె తలెత్తింది. మొహంలోకి ముందు ప్రాణం వచ్చింది. ఆ తర్వాత ఇంకేదో వచ్చింది.

"ఇది మీకు ఆ రోజే తెలుసా?"

"తెలుసు."

"నేను అడిగాను కదా. మీరేమంటారని అడిగాను కదా."

"అడిగారు."

"మరెందుకు చెప్పలేదు?"

అల్లుడు మామయ్యని చూశాడు, మరదల్ని చూశాడు, తప్పించుకునే దారి లేదని తెలుసుకున్నాడు. "కుళ్ళండి. ఆయనంటే కుళ్ళు. ఆయన చెప్పింది తప్పయితే మీరు మళ్ళీ నా దగ్గరికి వస్తారనుకున్నాను. మీ పని ఏమవుతుందో ఆలోచించలేదు."

"ఆయనంటే మీకెందుకు కుళ్ళు? పెళ్ళైన మనిషి మీరు."

"ఎవరికి పెళ్ళైంది?" అన్నాడు అల్లుడు.

"ఆయన అల్లుడూ అంటారు. ఆవిడ బావా అంటుంది. నాకు తెలుగు రాదా?"

మరదలు నవ్వాపుకోలేక బిల్లు పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుంది. "మా మేనత్త కొడుకండీ. చిన్నప్పుడు నా బొమ్మల తలలు పీకి, వాటిలో స్పీకర్లు పెట్టిన మనిషిని నేను చేసుకుంటానా? నాకు వేరే సంబంధం కుదిరింది. పళ్ళ డాక్టరు."

ఎడిటర్ మొహం ఎర్రబడింది. కానీ లేచి నిలబడేసరికి ఆ ఎరుపు కోపంగా మారింది. "మీకు పెళ్ళి కాలేదని సంతోషించే స్థితిలో లేనండి నేను. ఇన్ని రోజులు చెవుడొచ్చిందని ఏడ్చాను. మీరు ఒక్క మాట చెబితే సరిపోయేది." గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. "రేపు పొద్దున్నే వచ్చి ఆ దూలాలు పట్టుకెళ్ళండి. మీరే రండి, డ్రైవర్ని పంపొద్దు."

ఆమె వెళ్ళాక మామయ్య కళ్ళద్దాలు తీసి, "ఇన్నేళ్ళలో మన షాపులో గదికి నప్పని స్పీకరు ఒక్కటీ అమ్మలేదురా," అన్నాడు. 'అల్లుడూ' అని పిలవలేదు. అది తిట్టు కంటే గట్టిగా తగిలింది.

*

తలుపు తీసింది ఎడిటర్ వాళ్ళమ్మ. చేతిలో గరిటె ఉంది.

"నువ్వేనా బాబూ ఆ పెట్టెలమ్మినవాడివి? ఆయన చదవడం మొదలుపెడితే మా వంటింట్లో గిన్నెలు కూడా ఊ కొడుతున్నాయి. పోనీలే అవైనా వింటున్నాయనుకున్నాను."

"క్షమించండమ్మా."

"నన్నెందుకు, లోపలుంది, అక్కడ చెప్పుకో."

ఎడిటర్ లోపల చేతులు కట్టుకుని నిలబడి ఉంది. పలకరించలేదు. అల్లుడు గది మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టాడు. చప్పట్లు గోడలకి తగిలి గలగలా తిరిగొచ్చాయి. ఒక మూలకి వెళ్ళి కొట్టాడు. అక్కడ ఇంకో రకంగా మోగింది.

టవర్లు కిందికి దించి వచ్చాక అతను చొక్కా చేతులు మడిచాడు. బల్లని కిటికీ ముందు నుంచి ఇవతలికి జరిపాడు. ఇనప బీరువా వెనక్కి వెళ్ళింది. బీరువా తలుపులు శబ్దానికి సన్నగా కంపిస్తుంటే మధ్యలో అట్టముక్క పెట్టాడు. వాళ్ళమ్మని అడిగి, పాత బొంత ఒకటి తెచ్చి ఎదుటి గోడకి వేలాడదీశాడు. పుస్తకాలన్నీ వెనక గోడకి చేర్చి, కొన్ని ముందుకీ కొన్ని వెనక్కీ ఎగుడుదిగుడుగా సర్దాడు. సమంగా సర్దబోయిన ఆమె చేతిని, "వద్దండి, ఇలాగే ఉండాలి," అని ఆపి, ఆ చెయ్యి పట్టుకున్నానని గుర్తొచ్చి చప్పున వదిలేశాడు.

అతను వెంట తెచ్చిన చిన్న స్పీకర్లు స్టాండ్లెక్కాయి. గోడకి దూరంగా నిలబడ్డాయి. వాటిని వెంట్రుకవాసి ఇటూ అటూ జరుపుతూ అతను చెమటలు కక్కాడు.

"ఏం పెట్టమంటారు?" అని ఆమె అడిగింది. అంతసేపట్లో మొదటి మాట.

"ఆయన్నే పెట్టండి."

ఆమె వింతగా చూసి, పెట్టింది. గొంతుగారు మొదలుపెట్టాడు. అల్లుడు కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. తను ఎవరి మీద కళ్ళలో నిప్పులు పోసుకున్నాడో ఆ మనిషి గొంతుని, అది ఎంత అందంగా ఉండగలదో అంత అందంగా చెయ్యడం కోసం మళ్ళీ మళ్ళీ లేచాడు, జరిపాడు, కూర్చున్నాడు. ఒకచోట గొంతు గది వదిలేసి మనిషైంది. ఎదురుగా కూర్చుని చెబుతున్నట్టుంది. 'ళ' అంచు తెగకుండా నాలుక మీంచి జారింది.

"మంచి గొంతండి," అన్నాడు అల్లుడు. అనడానికి కష్టమైంది, కానీ అది నిజం. "ఇప్పుడు మీరు వినండి."

ఆమె కూర్చుంది. అసలు రికార్డింగు పెట్టింది, తర్వాత తను కోసి పంపింది పెట్టింది. రెండో దాని మొదటి వాక్యం దగ్గరే ఆపేసింది. "అయ్యో, నిజంగానే రేకు డబ్బా," అంది. నవ్వబోయి ఏడ్చింది. "నాకు వినబడుతోంది. అమ్మా, నాకు వినబడుతోంది."

వాళ్ళమ్మ గరిటెతోనే పరిగెత్తుకొచ్చింది.

అల్లుడు మెల్లగా సామాను సర్దుకుని గుమ్మం దాటుతుంటే ఎడిటర్ వెనకాలే వచ్చింది.

"థాంక్స్ చెప్పను," అంది.

"చెప్పొద్దండి."

"కోపం పోలేదు."

"పోయినప్పుడు ఒక్క మాట చెప్పండి."

*

పుస్తకం ఆమోదించారని ఎడిటర్ మరదలికి ఫోన్ చేసి చెప్పింది. రచయిత్రి పుస్తకాలన్నీ ఇచ్చారని కూడా చెప్పింది. అల్లుడికి చెప్పలేదు.

అతను అది మింగుతుండగానే గొంతుగారు షాపుకొచ్చాడు. మనిషి మర్యాదస్తుడు. "బ్రదర్, ఆ గదిలో నన్ను నేను విన్నాను. మొన్న నాది పొరపాటు సలహా. మా ఇంటికీ వచ్చి అలా సర్దిపెట్టాలి," అన్నాడు. వేణ్ణీళ్ళు ఒక గుక్క తాగి, గొంతు తగ్గించి, "ఆ అమ్మాయిని అడిగాను, పెళ్ళి గురించి," అన్నాడు.

అల్లుడి చేతిలోంచి స్క్రూడ్రైవర్ జారింది. "ఏమన్నారు?"

"ఆలోచించి చెప్తానంది. పెద్దగా ఆలోచించేదేముంటుంది?"

ఆ తర్వాత రెండు రోజులు అల్లుడికి అన్నం సయించలేదు. అప్పుడు ఫోన్ వచ్చింది. "ఒక స్పీకరు పక్కకి జరిగినట్టుంది. వచ్చి చూస్తారా?" అంది ఎడిటర్.

వానలో తడుస్తూ వెళ్ళాడు. స్పీకరు వెంట్రుకవాసి కూడా జరగలేదు. గదంతా ఎంత శ్రద్ధగా చూసినా సరిచెయ్యడానికి ఏమీ దొరకలేదు.

"అన్నీ సరిగ్గానే ఉన్నాయండి," అన్నాడు నిలబడే.

"తెలుసు." ఆమె బల్లకి ఆనుకుని ఉంది. "ఆయన నన్ను పెళ్ళి చేసుకుంటానన్నారు."

"చెప్పారు."

"కుదరదన్నాను. ఆయన గొంతు నాకు చాలా ఇష్టం. పని అయిపోగానే ఆపేస్తాను. ఆపేశాక గుర్తు రాదు." ఆమె కిటికీ మీద జారుతున్న నీళ్ళని చూస్తూ చెప్పింది. "నాది కూడా ఒక తప్పుంది. ఆ రోజు ఆయన్ని స్పీకర్ల కోసం తీసుకురాలేదు. అంతకుముందు రోజు మీ మరదలు మీ కాలరు సరిచెయ్యడం చూశాను. ఒళ్ళు మండింది. పెళ్ళైన మనిషి కోసం ఒళ్ళు మండడమేంటని నా మీద నాకే అసహ్యమేసింది. మీకు కనబడాలని ఆయన్ని వెంటబెట్టుకొచ్చాను. 'మీరేమంటారు' అని అడిగింది స్పీకర్ల గురించి మాత్రమే కాదు."

అల్లుడు నోరు తెరిచాడు. అప్పుడే కరెంటు పోయింది. స్పీకర్ల మీది చిన్న దీపాలు ఆరాయి, ఫ్యాను నెమ్మదించి ఆగింది. అతను అంత శ్రమపడి సర్దిన గదిలో మధ్యాహ్నపు వెలుతురూ, బయటి వానా తప్ప ఏమీ మిగల్లేదు.

"మీరంటే నాకు," అన్నాడు, ఊపిరి అడ్డం పడింది, "ఇష్టమండి. చాలా."

ఆమె తల కాస్త వంచి వింది, పనిలో ఉన్నప్పుడు వినేట్టు.

"మధ్యలో ఊపిరి వినబడింది. ఇంకోసారి చెప్పండి."

అతను గొంతు సవరించుకుని, నిటారుగా నిలబడి, ఒక్క తడబాటు లేకుండా చెప్పాడు. "మీరంటే నాకు చాలా ఇష్టం."

"ఇది శుభ్రంగా ఉంది," అంది ఆమె, దగ్గరికొచ్చి అతని తడి చొక్కా చెయ్యి పట్టుకుని. "కానీ మొదటిదే ఉంచుకుంటాను."